మెంబరు గారి తొలి ప్రసంగం

“ఏ బిల్లుకి ఎవరెటు చెయ్యెత్తారో అసెంబ్లీ రికార్డు ఆఫీసులో కాగితం ఇస్తారటగా. శనివారానికి నీది పట్టుకురా,” అంది అక్క, బాలింతల వార్డులో దుప్పట్లు మడతపెడుతూ.

మెంబరు గారు చూపు పక్కకు తిప్పుకున్నాడు.

“ఇప్పుడా కాగితం ఎందుకక్కా?”

“బాగుంది! ఆఖరి రోజు మీటింగులో చదవొద్దూ? మా ఆస్పత్రి మూసెయ్యొద్దని మా తమ్ముడు చెయ్యెత్తాడని డాక్టరమ్మ నుంచి ఆయా దాకా అందరికీ చెప్పాను.”

ఖాళీ ఉయ్యాలలు ఒకదాని పక్కన ఒకటి సర్దుతున్న ఆయా నడుం పట్టుకుని లేచింది. “మీలాంటోళ్ళు ఇంకో ఇద్దరుంటే మా ఆస్పత్రి నిలబడేది బాబూ!”

ఆయన నేలకేసి చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు తనకే రోతగా తోచింది.

అమ్మ పోయినప్పుడు ఆయనకు తొమ్మిదేళ్ళు. అక్క నర్సు జీతంతోనే చదివాడు. ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఆయన మొహం చూసి ఓటేసినవాళ్ళు తక్కువ. ఆ చుట్టుపక్కల సగం మంది పిల్లలు అక్క చేతుల్లోనే పుట్టారు. ‘నర్సమ్మ తమ్ముడు’ అన్న ఒక్క మాటే ఆయన్ని సభలో చివరి బెంచీలో కూర్చోబెట్టింది.

ఇరవై పడకల లోపు ప్రసూతి ఆస్పత్రులను మూసి పెద్దాస్పత్రిలో కలిపేసే బిల్లు వస్తోందని తెలియగానే అక్క రెండు కాగితాలు రాసిచ్చింది. ఏడాదికి ఎన్ని కాన్పులు, పెద్దాస్పత్రి ఎంత దూరం, దారిలోనే ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు ఎందరు, అన్నీ వివరంగా. ఆయన అద్దం ముందు నిలబడి వారం రోజులు వల్లెవేశాడు.

సభలో అధ్యక్షుడు, “ఇంకెవరైనా మాట్లాడతారా?” అన్నాడు. ఆయన సగం లేచాడు. ముందు వరసలోంచి పార్టీ విప్ మెడ తిప్పి చూశాడు. ఒక్క చూపు, అంతే. ప్యాంటు మడత సర్దుకుంటున్నట్టు నటించి ఆయన కూర్చుండిపోయాడు. అనుకూలురు చేతులెత్తమన్నప్పుడు అందరితోపాటు ఆయన చెయ్యీ లేచింది. రెండే రెండు ఓట్ల తేడాతో బిల్లు గట్టెక్కింది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. వెనక బస్సుల హోరు.

“నువ్వు వద్దనే చెయ్యెత్తావు కదూ?”

“ఆఁ,” అన్నాడాయన. తర్వాత నెల రోజులూ ఆ ఒక్క అక్షరం ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

రికార్డు ఆఫీసు గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం చేతికిచ్చాడు.

“మీ పేజీ తయారుచెయ్యడం చాలా తేలికండీ. హాజరు నూటికి తొంభై ఏడు. ప్రశ్నలు సున్నా. ప్రసంగాలు సున్నా. ఓటింగులు రెండు వందల పద్నాలుగు, అన్నిటికీ అవునే.”

ఆ గుమస్తా గొంతులో వెటకారం లేదు. ఉంటేనే ఇంతకన్నా నయంగా ఉండేది.

“ఈ ఆస్పత్రుల బిల్లు దగ్గర… ఏదైనా పొరపాటు పడి ఉంటే దిద్దడం కుదురుతుందా?”

“పొరపాటైతే మీరే సభలో లేచి చెప్పాలండి.”

తను అడిగిందేమిటో అప్పుడు తట్టింది ఆయనకు. చెవులు కాలిపోతుండగా కాగితం జేబులో కుక్కుకుని బయటపడ్డాడు.

శనివారం వార్డులో మంచాలు లేవు. వాటి కాళ్ళు ఆనిన చోట్ల నేల మీద గుండ్రటి మచ్చలు మిగిలాయి. అద్దె కుర్చీల్లో డాక్టరమ్మ, ఆయా, ఒళ్ళో పిల్లలతో తల్లులు కూర్చున్నారు.

“కాగితం తెచ్చావా?” అంది అక్క.

ఇవ్వబోతే అందుకోలేదు. “నువ్వే చదువు. అందరికీ వినపడాలి.”

ఆయన లేచాడు. ఈసారి మాత్రం కూర్చోలేదు.

హాజరు చదివాడు. సున్నాలు రెండూ చదివాడు. చివరి వరస దగ్గరికి వచ్చాడు.

“ఈ ఆస్పత్రి మూసెయ్యమన్న బిల్లుకి నేను… అవునన్నాను.”

ఎక్కడో ఓ పసిబిడ్డ కేరుమంది. ఆ తల్లి బిడ్డను భుజానేసుకుంది కానీ చూపు మాత్రం ఆయన మీంచి తిప్పలేదు.

“మరి మీరు వద్దన్నారని నర్సమ్మ చెప్పిందే?” అని ఎవరో వెనకనుంచి అడిగారు.

“నేనే అక్కకి అబద్ధం చెప్పానండీ. ఆవిడ తప్పేం లేదు. ఆవిడ రాసిచ్చిన లెక్కలన్నీ నా జేబులోనే ఉన్నాయి. భయపడ్డాను. ఇంకో కారణమేం లేదు.”

ఎవరూ తిట్టలేదు. డాక్టరమ్మ తల వంచుకుంది. ఆయా ముక్కు చీదుకుని ఉయ్యాలల దగ్గరికి వెళ్ళిపోయింది. ఓ తల్లి వెళ్తూ వెళ్తూ ఆగి, “మా పెద్దది ఇక్కడే పుట్టిందండీ మెంబరు గారూ,” అంది మెల్లగా. చెంపదెబ్బ కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

అందరూ వెళ్ళాక ఆయన గుమ్మం మెట్ల మీద కూలబడ్డాడు. అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, చూడకుండానే నాలుగు మడతలు పెట్టింది.

“తిట్టక్కా. నెల రోజులు నీ చేత ఊరందరికీ అబద్ధం చెప్పించాను. ఆ రోజు ఫోనులోనే నిజం చెప్పాల్సింది.”

అక్క చేత్తో తమ్ముడి వీపు నిమిరింది.

“నీ ప్రసంగం విందామని ఆ రోజు నేను సభ గ్యాలరీలోనే కూర్చున్నానురా.”