చుక్కలరాణి వేషం

అడవిలో పక్షులు ఏటేటా ఒకే నాటకం కట్టేవి. ఇన్నాళ్లూ తెర వెనక అందరికీ రంగులు పూసిన కాకికి ఈసారి చుక్కలరాణి వేషం దక్కింది. కాకి మురిసిపోయింది. కొంగకు మాత్రం ఒళ్లు మండింది.

"చుక్కలరాణి తెల్లగా ఉంటుందే! నువ్వు కడితే కథ పాడైపోదూ?"

"ఆవిణ్ణి నువ్వు చూశావా, వదినా?"

"ఎవరు చూస్తారే? కట్టుకథాయె! అయినా తెలుపే."

"మరి నిరుడు నల్లరాక్షసి వేషం నువ్వే కట్టావుగా? అప్పుడు పాడవలేదేం కథ?"

"అది నటన!"

"ఇదీ అంతే," అని కాకి కిరీటం పెట్టుకుని తెరవైపు నడిచింది.

ఆపబోయి కొంగ రెక్క చాచింది. దాని చంకలో నిరుడు కాకి పూసిన మసి ఇంకా వదల్లేదు.