గాలి తీసిందెవరు?

చదవని పుస్తకాల మీద వాదించేవాళ్లలో మా బావమరిదిని మించినవాడు లేడు. ప్రతి ఆదివారం వచ్చి నాతో పోట్లాడతాడు. సాయంత్రానికి స్కూటర్ టైరులో గాలి లేదంటూ మా ఇంట్లోనే పడుకుంటాడు.

ఈ ఆదివారం అసలు గాలే అక్కర్లేని టైర్లు వేయించుకొచ్చాడు.

"పంచర్ బాధ లేదు, పంపుతో పని లేదు బావా!"

"అయితే రాత్రికి ఇంటికి పోతావన్నమాట," అన్నాను సంబరంగా.

చీకటి పడుతుంటే బయల్దేరాడు. మా ఆవిడ గుమ్మంలో దిగాలుగా నిలబడింది. నా సంబరం కూడా ఎందుకో చప్పబడింది.

వీధి మలుపు దాకా వెళ్లి, నడుం పట్టుకుని తిరిగొచ్చాడు.

"బండరాయి మీద కూర్చున్నట్టుంది బావా. గతుకు గతుక్కీ వెన్ను విరుగుతోంది. ఈ పూటకి ఉండిపోతా."

"ఇన్నాళ్లూ టైరులో గాలి తీసుకుని ఉండిపోయావు. ఇప్పుడు నడుం వంకా?"

"నేను తీసుకోవడమేంటి? తీసేది నువ్వే కదా! పోనీలే, ముసలాడి ముచ్చటని ఊరుకున్నా."

ఇద్దరం ఒకేసారి మా ఆవిడ వైపు తిరిగాం.

"ఆ టైర్లు మార్పించెయ్యరా తమ్ముడూ," అందావిడ, తలపిన్ను సర్దుకుంటూ. "మధ్యాహ్నమంతా వెతికినా, ఇది దూర్చడానికి ఎక్కడా సందు దొరకలేదు."