వేడినీళ్ల వంతు

ఉమ్సునాయ్ ఎడమ కాలు రికాబు దాకా లేవలేదు.

పీట వేశారు. అయినా లేవలేదు. గుర్రం మెడ తిప్పి ఒకసారి ఆమె వంక చూసింది.

"ఈ ఏడు నువ్వు కిందే ఉండమ్మా," అన్నాడు కొడుకు ఎర్మెక్. "కనుమ దాటడానికి గుర్రం తప్ప దారి లేదు. నిన్ను మూటగట్టి తీసుకుపోలేను కదా!"

అరవై ఆరు వేసవులూ ఆమె కొండమీది మేతబయళ్లలోనే గడిపింది. ఎండాకాలం కింద ఊళ్లో మిగిలేది కోళ్లూ, పోస్టుమాస్టరూ.

"మందలు కదలడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అరాషాన్ వేడినీళ్ల ఊటకి పోయొస్తా. అప్పుడు చూద్దువు గాని," అంది.

ఊట దగ్గర డాక్టరుతో, మళ్లీ గుర్రమెక్కి కనుమ దాటాలని ముందే చెప్పింది. ఆయన ఆమె మోకాళ్లు నొక్కి చూశాడు.

"అరుగుదల. పైగా చలికాలమంతా పొయ్యి పక్కన కదలకుండా కూర్చున్నారు కదూ?"

"మరి మంచులో గంతులెయ్యమంటావా నాయనా?"

"కూర్చున్న కీలు బిగుసుకుంటుందమ్మా. రోజుకు పది నిమిషాల వంతు, పది రోజులు. వేడికి కండరాలు వదులవుతాయి. అప్పుడు కాళ్లు ఆడించండి," అని చీటీ రాసిచ్చాడు.

తొట్టి గదిలో బురుల్ అనే ఆవిడ, ఒక కాలు కర్రలా చాపుకుని, నేలమీద నీళ్లు తోస్తోంది. ఇలాంటివాళ్లని ఆయా పనికెలా పెట్టుకున్నారో అనుకుంది ఉమ్సునాయ్.

మెడ దాకా మునిగి, హాయిగా కళ్లు మూసుకుంది.

"నిద్రపోవడానికి వచ్చావా అక్కా? మోకాలు వంచు," అంది బురుల్.

"నొప్పి."

"సగం నొప్పి, సగం బద్ధకం. నొప్పి దాకా వెళ్లి ఆగు. బద్ధకం దగ్గర ఆగకు."

"ఇదివరకు గుర్రాలకి నడకలు నేర్పేదానివా ఏం?"

"గుర్రాలు నయం. ఎదురు చెప్పవు. వంచు!"

బురుల్ చాలన్న దాకా వంచడం, చాపడం. తర్వాత కాళ్లకి గొర్రెతోలు చుట్టి, కాసేపటికి మెట్లెక్కించడం, దించడం. నాలుగో రోజు నుంచి ఉమ్సునాయ్ కూడా కసి తీర్చుకోవడం మొదలుపెట్టింది. తువ్వాలు తెమ్మంది. టీ తెమ్మంది. పాలు తక్కువయ్యాయని తిప్పి పంపింది.

బురుల్ కుంటుకుంటూ వెళ్లి పాలు పోయించుకొచ్చింది.

"తాగి, వంచు," అంది.

పదో రోజు బురుల్ కనబడలేదు. ఉమ్సునాయ్ తనంతట తానే వంచింది, చాపింది. బయటికొచ్చి, ఎవరిదో గుర్రం కట్టేసి ఉంటే, ఎడమ కాలు రికాబు దాకా ఎత్తి చూసింది.

అందింది.

కాలు పెట్టాక ఊరికే దించేస్తామా? ఎక్కి కూర్చుంది.

"ఓ ముసలమ్మా! నా గుర్రాన్ని ఎక్కడికి తోలుకుపోతున్నావ్?" అని అరిచాడు గుర్రం గలాయన.

"మేతబయళ్లకి!" అని, నవ్వుకుంటూ దిగింది.

ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు పెరుగుండల మూట తీసుకుని నేరుగా డాక్టరు దగ్గరికి నడిచింది.

"ఇది మీ ఆయాకివ్వు నాయనా. నోరు చెడ్డదే గాని, దాని చెయ్యి మంచిది."

"ఏ ఆయా? మాకు ఆయా లేదమ్మా."

"బురుల్. కాలు చాపుకుని నడుస్తుందే!"

"ఆవిడా? ఆవిడ కూడా మీలాగే చీటీ మీద వచ్చిన మనిషే. పొద్దున్న బస్సుకి వెళ్లిపోయింది."

"అదేమిటి! ఒక్కరోజూ నీళ్లలో దిగగా చూడలేదే?"

"మీరు రోజూ ఇరవై నిమిషాలున్నారు. అందులో పది ఆవిడవి."

ఉమ్సునాయ్ మూట ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఆవిడవి నావెందుకయ్యాయి?"

"రెండేళ్లు మోకాలు కదపకుండా కూర్చుందట. కీలు అతుక్కుపోయింది, ఇక నీళ్లకి వంగదని మొదటి రోజే, మీ వెనకే లోపలికొస్తే చెప్పాను," అన్నాడు డాక్టరు. "దానికి ఆవిడ, 'ఈసారీ మావాళ్లు నన్ను కింద వదిలేసి కనుమ దాటుతారన్నమాట. నా వంతు ఇప్పుడు వెళ్లిన ఆ అక్కకి రాయండి, తనైనా గుర్రం ఎక్కుతుంది' అంది."