అరగంట పాటలు

“పద్దెనిమిదేళ్ళలో ఒక్క స్పానరు కూడా పోలేదా మాస్టారూ?”

పశువుల డాక్టరు డిక్కీలోంచి తీసిన గుడ్డసంచిని విప్పి ఆశ్చర్యపోయాడు. సంచి నిండా వరసగా అరలు, ప్రతి అర మీదా దారంతో కుట్టిన అంకె. మావయ్య ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు: ఎనిమిది లైట్లకి, పది బ్యాటరీకి, పన్నెండు సైలెన్సరుకి, పద్నాలుగు సీట్లకి.

కోడలు నవ్వాపుకుంది. పెళ్ళయిన ఈ నలభై రోజుల్లో ఆ కారు ఆమెకు నేర్పిన ముచ్చట్లు ఇన్నీ అన్నీ కావు. అద్దం దించాలంటే పిడి తిప్పాలి. వాన పడితే వెనక ఎడమ తలుపు అలుగుతుంది, బతిమాలితే గాని తెరుచుకోదు. నడపడం నేర్పిందీ మావయ్యే. గేరు తప్పుగా వేస్తే కోప్పడేవాడు కాదు, “బండికి పొలమారిందమ్మా” అనేవాడు. ఇవాళ డాక్టరు ఇంటికి రెండు గంటల దారీ ఆమే నడుపుకొచ్చింది.

ఆదివారం కొత్త కారు వస్తోంది. ఇంటికి ఉన్నది ఒక్కటే షెడ్డు. ఈలోగా పాతదాన్ని అమ్మేద్దామని ఆమె భర్త అంటే, మావయ్య “సరే” అన్నాడు.

డాక్టరుకు అన్నీ నచ్చాయి, సీటు కవర్లు తప్ప. నీలం గుడ్డ మీద తెల్లపూలు. పోయిన అత్తయ్య చేత్తో కుట్టినవి.

“ఇవి మాత్రం పీకి పారేయాలి మాస్టారూ. పేడకాళ్ళతో ఎక్కేవాణ్ణి, రెక్సిన్ వేయించుకుంటా” అన్నాడు నవ్వుతూ. మావయ్యా నవ్వాడు.

టీకి రమ్మంటే మావయ్య లోపలికి వెళ్ళాడు. ఇప్పుడే వస్తానని చెప్పి కోడలు కారులోనే ఉండిపోయింది. ఈ బండిలో తనకిదే చివరి కచేరీ అనుకుని, ఇంజను ఆపి ఉండగానే రేడియో పెట్టుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చుంది. పాట మీద పాట. మావయ్య వచ్చి అద్దం తట్టేసరికి అరగంట గడిచింది.

“నువ్వెళ్ళి టీ తాగమ్మా, చల్లారిపోతోంది. నేనీలోగా బానెట్టెత్తి రేడియేటరులో నీళ్ళు చూస్తాను.”

ఆమె టీ తాగి డాక్టరుతో కలిసి తిరిగొచ్చింది. డాక్టరు ఉత్సాహంగా సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. హారను నొక్కాడు. మూలుగైనా రాలేదు.

“బ్యాటరీ పోయినట్టుందే” అన్నాడు.

కోడలు ఓ అడుగు ముందుకేసింది.

“నేనేనండీ. ఊరికే… పాటలు పెట్టుకున్నాను, అరగంట.”

“అరగంట పాటలకే గుటుక్కుమందా?” డాక్టరు దిగిపోయాడు. ఏ వేళప్పుడు ఏ ఊరినుంచి పిలుపొస్తుందో తెలియని ఉద్యోగం తనది. “నా బండి బాగయ్యేదాకా గేదెలు ఆగి ఈనవు కదా మాస్టారూ. ఏమీ అనుకోకండి.”

మావయ్య తల వంచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, పరాయివాడి చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ తల వంచింది తన పాటల సరదాయే కదా అనుకుంటే కోడలికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. వీధి చివర మెకానిక్ ఉన్నాడు, పిలిపిస్తానని డాక్టరు అంటే, మావయ్య వద్దంటే వద్దన్నాడు. డాక్టరు లోపలికి వెళ్ళిపోయాక, దాహంగా ఉందంటూ ఆమెను కొట్టుకు పంపాడు.

నీళ్ళసీసాతో ఆమె పరుగున వచ్చేసరికి ఇంజను ఆడుతోంది.

“కాసేపు ఊరుకుంటే అదే పుంజుకుంటుందమ్మా” అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

దారిలో ఆమె మూడుసార్లు క్షమాపణ చెప్పింది. ఆయన ఒక చెయ్యి ప్యాంటు జేబులోంచి తీయలేదు, రెండో చేత్తో సీటు మీది తెల్లపువ్వును నిమురుతూ కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక “నువ్వేం చేశావమ్మా” అన్నాడు. అదీ కిటికీతో.

గేటు దగ్గర భర్త తెల్లబోయి నిలబడ్డాడు. ఆమె నోరు తెరవబోయింది. మావయ్యే ముందు అందుకున్నాడు.

“రేడియో నేను పెట్టుకున్నానురా. బ్యాటరీ దిగిపోయింది. బేరం పోయింది.”

“నువ్వు? పాటలా?” భర్త బుర్ర గోక్కున్నాడు. చివరికి, ఈ ముసలి బండిని ఇంకెవరూ కొనరులే, కొత్తది పక్కింటి ఖాళీ స్థలంలో పెట్టుకుందామన్నాడు.

కోడలికి ఆ మాట సగమే వినబడింది. ఎన్నడూ బొంకని మనిషి తనను కాయడానికి కొడుకు ముందు అబద్ధమాడాడు. అన్నం సయించలేదు.

పొద్దున్నే ఆయన నిన్నటి బట్టలు తీసింది. మిషన్లో వేయబుద్ధి కాలేదు. కనీసం చేత్తో ఉతుకుదామని ప్యాంటు బకెట్లో ముంచబోతే జేబు బరువుగా తగిలింది. చెయ్యి పెట్టి తీసింది.

పదో నంబరు స్పానరు.