జబ్బు పేరు చెప్పకుండా

“ఎంతుందో చెప్పడానికి ఇదేమన్నా కూరలో ఉప్పా మేడమ్? జబ్బు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు!”

శిక్షణ ఇస్తున్న మేడమ్‌తో పెద్ద డాక్టరు నోట్లో బిస్కెట్టు ఉండగానే అన్నాడు. తడిసిన పొడి బల్ల మీద రాలింది. శిక్షణకు వచ్చిన మానసిక వైద్యులంతా నవ్వారు.

చిన్న డాక్టరమ్మ మాత్రం తన ముందు రాలిన పొడి తుడిచింది. పొద్దున్నే ఆయన్ను బతిమాలింది, “నిన్న మీరు చూసిన అమ్మాయిని ఇంకొక్కసారి చూడండి సార్. లేదంటే మేడమ్ యూనిట్‌కైనా పంపండి” అని.

“నేను జబ్బు పేరు పెట్టానంటే పెట్టినట్టే. సాయంత్రం ఆ పిల్లను తాళం వేసే వార్డులో పడెయ్,” అన్నాడాయన గోటితో పళ్లు కుట్టుకుంటూ.

ఆ అమ్మాయి తల్లి బయట బెంచీ మీద ఉంది. మొహాన ఎండ పడుతోందని ఓ నర్సు తెర లాగి వెళ్లింది. ఆ పూటకు ఆసుపత్రిలో కనబడిన దయ అదొక్కటే.

మేడమ్ బోర్డు మీద సున్నా నుంచి నాలుగు దాకా గీత గీసింది.

“పేరు, వయసు, ఆడా మగా, జబ్బు పేరు... ఏవీ వద్దు. మీరు చూసిన మనిషి తీరు చెప్పండి చాలు. ఏది ఎంతుందో మిగతావాళ్లు అంకె వేస్తారు.”

చిన్న డాక్టరమ్మ లేచింది.

“నిన్న చూశాను. ఎదురుగా ఒకరు వెక్కివెక్కి ఏడుస్తుంటే తలెత్తలేదు. మధ్యలో ఫోను చూసుకుని పకపకా నవ్వడం. ఎవరినీ మాట పూర్తి చెయ్యనివ్వకపోవడం. తనకే అన్నీ తెలుసన్న నమ్మకం.”

“ఓహో, ఆ పిల్లేనా!” పెద్ద డాక్టరు కన్ను గీటాడు.

“ఎవరో చెప్పొద్దన్నాను,” అంది మేడమ్.

“సరే తల్లీ. జాలి లేకపోవడం, నాలుగు. గొప్పల పిచ్చి, నాలుగు. ఇంకా పై అంకె లేదా?”

మళ్లీ నవ్వులు.

“ఇప్పుడేం చేద్దాం సార్?” చిన్న డాక్టరమ్మ అడిగింది.

“ఏముంది? అలాంటి మనిషి చుట్టుపక్కల రోగులెవర్నీ ఉంచకు. ఏడ్చేవాళ్లనైతే అస్సలు.”

“మాట మీద ఉంటారా?”

“నా మాటకు తిరుగుందా?”

ఆమె తలుపు తీసి నర్సును పిలిచింది. “ఆ అమ్మాయిని ఇప్పుడే మేడమ్ యూనిట్‌కు మార్చండి. పెద్ద డాక్టరుగారు చెప్పారు.”

“ఏయ్, నేనెప్పుడు చెప్పాను?”

“నేను చెప్పింది మీ గురించి, సార్.”