ఊడిపోయిన ఆఖరి కాగితం

"చివరి పేజీ ఒక్కసారి చూపిస్తారా బాబూ?"

లైబ్రేరియన్ తలెత్తాడు. కౌంటరు అవతల ఒక పెద్దాయన. ఇస్త్రీ చేసిన పాత చొక్కా, పై జేబులో మడతలు పెట్టిన పసుపుపచ్చ కాగితం.

"ఏ పుస్తకం?"

"అదే, ఏడోది." అద్దాల బీరువా వైపు వేలు చూపించాడు.

ఆ బీరువా అంటే లైబ్రేరియన్‌కి ప్రాణం. తన అభిమాన డిటెక్టివ్ రచయిత నవలలన్నీ అందులోనే ఉన్నాయి. పేరున్నవి ఇరవై. వాటిని ఊరంతా చదివింది. ఎవరికీ తెలియనివి ఏడు. రచయిత చివరి రోజుల్లో, ఏదో చిన్న ప్రెస్సులో, చవక కాగితం మీద అచ్చయ్యాయి. ఆ ఏడింటి కోసం పాత పుస్తకాల షాపుల చుట్టూ పదకొండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు మన లైబ్రేరియన్. ఆదివారం వాటి మీద ఇక్కడే ఉపన్యాసం. గోడకి నోటీసు కూడా అంటించాడు.

అంతా బాగానే ఉంది. ఏడో నవలకి ఆఖరి కాగితం లేదు, అదొక్కటే.

మాయమైపోయిన డాక్టరుని చంపిందెవరో ఆ కాగితంలోనే ఉంది. అది లేదన్న సంగతి ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు మహానుభావుడు.

"చివరి పేజీతో మీకేం పని?"

"అది విడిగా అచ్చేసి, జిగురుతో అంటించిన కాగితం బాబూ. ఇట్టే ఊడిపోయేది. మీ పుస్తకంలో ఉందో లేదో అని..."

లైబ్రేరియన్ చుట్టూ చూశాడు. బల్ల దగ్గర పేపర్లు చదువుకుంటున్న నలుగురూ ఇటే చూస్తున్నారు.

"ఎందుకుండదు? భేషుగ్గా ఉంది!" గొంతు పెంచాడు. "డిటెక్టివ్ నవల చివరి పేజీ ముందే చదివే రకమా మీరు? ఈ వయసులో ఇదేం బుద్ధి మాస్టారూ?"

నలుగురూ గొల్లుమన్నారు.

పెద్దాయన కూడా కాస్త నవ్వాడు. జేబు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఉంటే అంతకన్నా ఏం కావాలి!" అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. పెద్దాయన వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. లైబ్రేరియన్ చూసీ చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

ఉపన్యాసం మాత్రం అదరగొట్టాడు.

"ఆ పేరున్న ఇరవై నవలల్లో దొంగెవరో సగంలోనే పసిగట్టేస్తాం. ఈ ఏడింట్లో నా వల్ల కాలేదండీ! చివరికొచ్చేసరికి హంతకుడి మీద కూడా జాలేస్తుంది. ఈ ముగింపుల ముందు ఆ ఇరవై ఎందుకూ పనికిరావు!"

ముందు వరసలోని రిటైర్డ్ టీచరమ్మ లేచింది.

"ఏడోది మాకెలాగూ దొరకదు. ఇంతకీ డాక్టరుని చంపిందెవరో మీరే చెప్పెయ్యండి."

"అలా చెప్పకూడదమ్మా..."

"చెప్పాలి, చెప్పాలి!" హాలంతా ఒకటే గోల.

'నా దగ్గర ఆ కాగితం లేదండీ' అంటే సరిపోయేది. ఒక్క మాట. అదే నోట్లోంచి రాలేదు.

"బావమరిది!" అన్నాడు.

"అమ్మ బాబోయ్!" అన్నారెవరో.

ఇంకేముంది, విషం సీసా, ఆగిపోయిన గడియారం, దొంగ వీలునామా, అన్నీ అప్పటికప్పుడు అల్లేశాడు. జనం నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు.

వెనక వరసలో పెద్దాయన సగం లేచాడు.

లైబ్రేరియన్ చెప్పడం ఆపేశాడు. అయిపోయింది, పదిమందిలో పరువు పోయింది అనుకున్నాడు.

పెద్దాయన ఒకసారి హాలంతా చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టాడు.

జనం వెళ్ళేసరికి గంట పట్టింది. కుర్చీలు సర్దుతున్న అటెండరమ్మ దగ్గరికొచ్చింది.

"ఆ పెద్దాయన మీకోసం చాలాసేపు చూశాడు సార్. 'పదిమందిలో ఆయన్ని పిలవద్దమ్మా, ఇది ఆ ఏడో పుస్తకంలో పెట్టెయ్' అని ఏదో ఇచ్చి వెళ్ళాడు. పెట్టేశాను."

లైబ్రేరియన్ పుస్తకం చివర తెరిచాడు. నాలుగు మడతల పసుపుపచ్చ కాగితం. విప్పి చూస్తే ఆఖరి పేజీ, అచ్చుకి ముందు తీసే ప్రూఫు.

నిలబడే చదివాడు.

డాక్టరుని ఎవరూ చంపలేదు. తన చేతి పొరపాటు నలుగురిలో ఒప్పుకోలేక, ఆయనే ఇల్లు వదిలి పారిపోయాడు.

లైబ్రేరియన్ చెవులు వేడెక్కాయి. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

మార్జిన్‌లో నీలం సిరాతో గుండ్రటి చేతిరాత: "అయ్యా, ఆస్పత్రిలో మిమ్మల్ని లేపనివ్వలేదు. పొద్దున్నే పుస్తకం బైండింగుకి వెళ్ళాలి. ముందు ఆరింటికీ చేసినట్టే దీనికీ ముగింపు నేనే రాసి, అచ్చు అక్షరాలు పేర్చాను. బాగాలేకపోతే కొట్టెయ్యండి. ఇట్లు, మీ కంపోజిటర్."

దాని కింద వణికిన అక్షరాలు, ఒక సంతకం. అవి ఎవరివో లైబ్రేరియన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంతకాన్ని ఇరవై పుస్తకాల అట్టల మీద అచ్చులో చూశాడు.

"నాకన్నా బాగా ముగిస్తావు. ఒక్క అక్షరం కూడా మార్చను. నీ పేరు వేస్తానంటే ఎందుకయ్యా వద్దంటావు?"

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఇటు చివర, అటు చివర. సోడా బండి దగ్గర అడిగాడు. బస్టాపులో అడిగాడు. ఆయన ఊరేదో, పేరేమిటో ఎవరికీ తెలియదు. కౌంటరు దగ్గర తను అడిగితేగా!

చివరి పేజీ ముందే చదివే రకమా అని నలుగురిలో తను ఎగతాళి చేసిన మనిషి, ఆ ఏడు నవలల చివరి పేజీలూ రాసిన మనిషి.