గిజిగాడు అల్లిన కొత్త మైదానం

పొగమంచు ఎప్పటికీ పూర్తిగా విడవని ఒక లోయలో కుందేళ్లు బూరుగుదూది బంతిని తన్నుతూ ఆడుకునేవి. గట్టు మీద కూర్చుని ఆట చూస్తూ కప్పలు గొంతు చించుకునేవి.

ఒకనాడు గూళ్లల్లే గిజిగాడి దగ్గరికి నక్క బావ వచ్చాడు.

"గట్టు పొడవునా ఉయ్యాల గూళ్లు అల్లవోయ్. నెమళ్లు తేనె తాగుతూ ఆట చూస్తాయి. గూటికో అరటిగెల అద్దె మనది!"

"మరి కప్పలో, బావా?"

"అవేమిచ్చాయిరా ఇన్నాళ్లూ, అరుపులు తప్ప?"

గిజిగాడికి అప్పటికే ఆ గూళ్లు కళ్లముందు ఊగుతున్నాయి. కాదనలేకపోయాడు. గట్టు పొడవునా అల్లేశాడు, అంత అందంగా జన్మలో అల్లలేదు. గట్టు మీద చోటు లేక కప్పలు కొండ అవతలికి వెళ్లిపోయాయి.

కొత్త మైదానంలో ఆట మొదలైంది. నెమళ్లు ఈకలు దువ్వుకుంటూ కబుర్లలో పడ్డాయి. ఒక కుందేలు బంతిని గురిలోకి కొట్టింది. ఎవరూ అరవలేదు. కుందేళ్లన్నీ చెవులు రిక్కించి నిలబడిపోయాయి. కొండ అవతల నుంచి సన్నగా బెకబెకలు వినిపించాయి. అంతే, బంతిని అటు తన్ని, దాని వెనకే మంచులో తేలిపోతున్నట్టు కొండ దాటేశాయి.

"ఇంతకీ ఆటెప్పుడు మొదలవుతుందోయ్, గిజిగా?" అంటూ ఓ నెమలి ఖాళీ తేనెదొప్ప బయటికి చాపింది.

గిజిగాడు అప్పటికే కొండ మీదున్నాడు, ముక్కున ఒక్క గడ్డిపోచైనా లేకుండా.